పదిహేనో రోజు ఆట: 1963 ఆర్మీ–నేవీ పోటీ, అమెరికా సంతాపం

1963 నవంబరు 24, ఆదివారం మధ్యాహ్నం, ఫిలడెల్ఫియా నగరంలోని ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో 60 వేలమంది ప్రేక్షకుల ముందు ఒక అమెరికన్ ఫుట్‌బాల్ ఆట (బంతిని చేతబట్టి ఎదుటి జట్టు గీత దాటించే ఆట) జరిగింది. పదమూడు రోజుల తరువాత, డిసెంబరు 7, శనివారం నాడు, అదే నగరంలోని మునిసిపల్ స్టేడియంలో దాదాపు లక్షమంది ముందు మరొక ఫుట్‌బాల్ ఆట జరిగింది. మొదటిది జీతాలు తీసుకునే వృత్తి ఆటగాళ్లది, రెండవది ఆర్మీ–నేవీ పోటీ, అంటే సైనిక, నౌకాదళ అకాడమీల విద్యార్థులది. రెండింటికీ ముందు జరిగిన విషాదం ఒక్కటే: నవంబరు 22న టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ నగరంలో అధ్యక్షుడు జాన్ కెనడీ హత్య. అయితే మొదటి ఆటను ఆడించాలని నిర్ణయించిన వ్యక్తి ఆ నిర్ణయాన్ని తన ఉద్యోగ జీవితంలోకెల్లా పెద్ద పొరపాటుగా తరువాత ఒప్పుకున్నాడు. రెండవ ఆటను మాత్రం, దుఃఖంలో ఉన్న దేశానికి ఊపిరి పీల్చుకునే వీలు కల్పించిన సందర్భంగా అమెరికన్లు నేటికీ తలచుకుంటారు. ఊరు, ఆట, దుఃఖం అన్నీ ఒకటే అయినప్పుడు ఒకటి అపచారంగానూ మరొకటి ఓదార్పుగానూ ఎందుకు మిగిలాయన్న ప్రశ్నకు జవాబు వెతికితే, ఒక జాతి సామూహిక దుఃఖం నుంచి ఎలా తేరుకుంటుందో కొంత బోధపడుతుంది.

ముందుగా ఆ నాలుగు రోజుల సంగతి చెప్పుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం హత్య జరిగిన క్షణం నుంచి సోమవారం అంత్యక్రియలు పూర్తయ్యేదాకా అమెరికా టెలివిజన్ సంస్థలు వ్యాపార ప్రకటనలను, మామూలు కార్యక్రమాలను పూర్తిగా ఆపివేసి ఆ ఒక్క వార్తనే ప్రసారం చేశాయి. అంతకుముందు ఏ దేశాధినేత మరణాన్నీ ప్రజలు ఈ విధంగా, గంట గంటకూ, తమ ఇంటి ముందుగదిలో కూర్చుని చూడలేదు. ఆదివారం నాడు నిందితుడు లీ హార్వీ ఆస్వాల్డ్‌ను డాలస్ పోలీసు భవనం నేలమాళిగలోంచి తరలిస్తుండగా జాక్ రూబీ అనే వ్యక్తి కాల్చి చంపడాన్ని కూడా లక్షలాదిమంది ప్రత్యక్ష ప్రసారంలోనే చూశారు. చట్టసభా భవనంలో ఉంచిన శవపేటికకు నివాళులర్పించడానికి చలిలో రాత్రంతా వరుసలో నిలబడి దాదాపు రెండున్నర లక్షలమంది నడిచి వెళ్లారు. సోమవారం నాడు, తన మూడవ పుట్టినరోజునే, తండ్రి శవపేటికకు వందనం చేసిన పసివాడి దృశ్యం ఆ తరం అమెరికన్ల కళ్లలో అలాగే నిలిచిపోయింది.

ఇంత దగ్గరగా దుఃఖాన్ని చూసిన ప్రజలకు, దాన్ని దించుకునే చోటు మాత్రం ఎక్కడా లేదు. టెలివిజన్ ముందు కూర్చున్న మనిషి చూడగలడు, ఏడవగలడు, కానీ పక్కవాడి భుజం మీద చెయ్యి వేయలేడు. అందరూ ఒకే సమయంలో ఒకే దుఃఖంలో ఉన్నా, ఎవరి ఇంట్లో వారు ఒంటరిగానే ఉన్నారు.

వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఆ ఆదివారం చేసిన పొరపాటును ఈ నేపథ్యంలోనే చూడాలి. లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ సొంతంగా మొండికేసి ఆ నిర్ణయం తీసుకోలేదు. కెనడీ పత్రికా కార్యదర్శి పియర్ సాలింజర్‌తో మాట్లాడి, ఆటలు జరగడమే మంచిదన్న సలహా పొందాకే ముందుకు వెళ్లాడు. కష్టకాలంలో కూడా మైదానంలోకి దిగడం క్రీడాకారుల సంప్రదాయమని, ఫుట్‌బాల్ కెనడీకి ఇష్టమైన ఆట అని రోజెల్ ఇచ్చిన వివరణలో అబద్ధమేమీ లేదు. కెనడీ హార్వర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవాడే, సముద్రపు ఒడ్డున ఉన్న తమ ఇంటి పచ్చికలో అన్నదమ్ములతో కలిసి ఆడుతుండడం దేశమంతా ఎరిగిన దృశ్యమే. అయినా ఆ ఆదివారం ఆటలు మొదలయ్యే వేళకు వాషింగ్టన్ వీధుల్లో గుర్రపు బండి మీద శవపేటిక శ్వేతభవనం నుంచి చట్టసభా భవనానికి కదులుతోంది. రాజధానిలో అంతిమయాత్ర సాగుతుంటే పక్క రాష్ట్రాల్లో మైదానాల గేట్లు తెరిచి టికెట్లు చింపడం జనానికి మింగుడు పడలేదు. పోటీగా ఉన్న మరో వృత్తి లీగ్ తన ఆటలను వాయిదా వేసుకోవడంతో ఆ నిర్ణయం మరింత ఎబ్బెట్టుగా కనిపించింది. కళాశాలల్లో కూడా చాలావరకు వాయిదానే ఎంచుకున్నాయి. కెనడీ చదివిన హార్వర్డ్‌కు, యేల్‌కు మధ్య జరగవలసిన వార్షిక పోటీ వారం రోజులు వెనక్కు జరిగింది.

రోజెల్ ఇచ్చిన కారణాలనే రెండు వారాల తరువాత ఆర్మీ–నేవీ పోటీకి కూడా చెప్పారు. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ తేడాకు మూలం ఈ పోటీ చరిత్రలో ఉంది.

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్‌లో 1802లో స్థాపించిన సైనిక అకాడమీ, మేరీలాండ్ రాష్ట్రంలోని అనాపొలిస్‌లో 1845లో స్థాపించిన నౌకాదళ అకాడమీ 1890లో మొదటిసారి ఫుట్‌బాల్‌లో తలపడ్డాయి. ఆ ఆటలో నేవీ 24–0తో గెలిచింది. నాలుగేళ్లకే వైరం ఎంత ముదిరిందంటే, 1893 పోటీ తరువాత ప్రభుత్వమే కలుగజేసుకోవలసి వచ్చి, 1899 దాకా ఈ రెండు జట్లూ ఎదురుపడనే లేదు. తిరిగి మొదలైనప్పుడు రెండు అకాడమీలకూ మధ్యలో ఉన్న ఫిలడెల్ఫియాను తటస్థ వేదికగా ఎంచుకున్నారు. ఆ తరువాత అది సంవత్సరాంతపు జాతీయ ఉత్సవంలాగా మారింది. ఆటకు ముందు రెండు అకాడమీల విద్యార్థులూ వేల సంఖ్యలో వరుసలు కట్టి మైదానంలోకి కవాతు చేస్తూ వస్తారు. దేశాధ్యక్షుడు హాజరైతే సగం ఆట ఒక పక్క, మిగిలిన సగం మరో పక్క కూర్చోవడం మర్యాద, ఎందుకంటే రెండు దళాలకూ ఆయనే సర్వసేనాని.

ఈ పోటీలోని వైరం ఎంత తీవ్రమైనదో అంత ప్రత్యేకమైనది కూడా. అక్కడ ఆడేవాళ్లలో అత్యధికులు ఆ తరువాత డబ్బు కోసం ఆడబోరు. చదువు ముగియగానే సైన్యంలోనో నౌకాదళంలోనో అధికారులుగా చేరతారు, అవసరమైతే ఒకే యుద్ధంలో పక్కపక్కన పోరాడతారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రయాణాల మీద ఆంక్షలు ఉన్నందువల్ల 1942లో ఆట అనాపొలిస్‌లోనే జరిగింది. వెస్ట్ పాయింట్ విద్యార్థులు రాలేకపోయారు కాబట్టి నౌకాదళ విద్యార్థుల్లో కొంతమందిని అవతలి పక్క కూర్చోబెట్టి, ఆర్మీ తరఫున కేకలు వేయమని ఆదేశించారు. ప్రత్యర్థి లేని చోట ప్రత్యర్థి గొంతును కూడా తామే మోయడం అనే ఈ చిన్న సంఘటన ఆ వైరం స్వభావాన్ని ఎంత పెద్ద వ్యాఖ్యానమైనా చెప్పలేనంత బాగా చెబుతుంది. తరువాతి కాలంలో ఈ పోటీకి గుర్తుగా నిలిచిన ఆచారం కూడా అటువంటిదే: ఆట ముగియగానే రెండు జట్లూ కలిసి మొదట ఓడిన అకాడమీ విద్యార్థుల ముందు నిలబడి వారి గీతాన్ని, ఆ తరువాత గెలిచినవారి గీతాన్ని ఆలపిస్తాయి.

కెనడీకి ఈ పోటీతో ఉన్న బంధం అధ్యక్షపదవితో వచ్చిన లాంఛనం మాత్రమే కాదు. ఆయన నౌకాదళ అధికారి. 1943 ఆగస్టులో పసిఫిక్ మహాసముద్రంలో ఆయన నడిపిస్తున్న పీటీ–109 అనే చిన్న యుద్ధ పడవను జపాన్ విధ్వంసక నౌక ఒకటి ఢీకొని రెండు ముక్కలు చేసింది. పదముగ్గురిలో ఇద్దరు చనిపోగా మిగిలినవారిని ఈదుతూ ఒక దీవికి చేర్చడంలో ఆయన చూపిన ధైర్యమే తరువాత ఆయన రాజకీయ జీవితానికి పునాదిరాళ్లలో ఒకటయింది. అధ్యక్షుడయ్యాక 1961లోనూ 1962లోనూ ఆర్మీ–నేవీ పోటీకి వచ్చాడు. 1962లో మైదానం మధ్యకు నడిచి వెళ్లి నాణెం ఎగరవేశాడు. సర్వసేనానిగా నిష్పాక్షికంగా ఉండవలసినవాడే అయినా మనసు ఎటు మొగ్గుతుందో అందరికీ తెలుసు. ఆయన చూసిన ఆ రెండేళ్లూ నేవీయే గెలిచింది.

1963లో పోటీ జరగవలసిన తేదీ నవంబరు 30. హత్యతో అంతా ఆగిపోయింది. అంత్యక్రియల ఊరేగింపులో సైనిక దళాలు నడిచాయి, దేశమంతటా 30 రోజులపాటు జెండాలను సగానికి దించారు. సంతాప దినాల మధ్యలో సైనిక విద్యార్థులు బంతి ఆట ఆడడమేమిటన్న సందేహం సహజంగానే తలెత్తింది, అసలు ఈ ఏడాదికి పోటీ ఉండదేమోనని కూడా చాలామంది అనుకున్నారు. ఆట జరగాలన్న మాట కెనడీ కుటుంబం నుంచి వచ్చింది. ఆయనకు ఇష్టమైన పోటీ ఆయన పేరుమీదుగా జరగాలన్నది వారి కోరిక. అలా తేదీ వారం రోజులు వెనక్కి జరిగి డిసెంబరు 7కు మారింది. ఆ రోజు పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి సరిగ్గా 22 ఏళ్లు. తేదీ యాదృచ్ఛికమే కావచ్చు, కానీ నౌకాదళ విద్యార్థులకు ఆ రోజు ఎప్పుడూ మామూలు రోజు కాదు.

రెండు ఆటలకూ మధ్య ఉన్న అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. చనిపోయిన మనిషి ఇంటివారు అనుమతి ఇవ్వడం వేరు, ఆయన ఉద్యోగి ఒకరు సలహా ఇవ్వడం వేరు. దుఃఖం ఎవరిదో వారు చెప్పేదాకా ఇతరులు నవ్వకూడదన్న మర్యాద అన్ని సమాజాల్లోనూ ఉంది. తెలుగు ఇళ్లలో కర్మకాండ అంతా ముగిశాక శుభస్వీకారం అనే తంతు ఒకటి చాలా కుటుంబాల్లో జరుగుతుంది. బంధువులందరి ముందు, అందరి అనుమతితో, ఆ ఇల్లు మళ్లీ మామూలు బతుకులోకి అడుగుపెడుతుంది. అంతకు ఒక్క రోజు ముందు చేస్తే అదే పని తప్పవుతుంది. మనిషిని మరిచిపోవడానికి కాదు ఆ తంతు, బతికున్నవారికి మళ్లీ తలెత్తుకుని తిరిగే హక్కు ఇవ్వడానికి. అమెరికాకు అటువంటి తంతు ఏదీ రాసిపెట్టి లేదు. హత్య జరిగిన పదిహేనో రోజున, కుటుంబం అడిగిన మీదట, సంతాపాన్ని స్వయంగా మోసిన సైనిక వ్యవస్థ ఆడిన ఆట ఆ లోటును చాలావరకు పూడ్చింది. ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో ఆడిన వృత్తి ఆటగాళ్లలో ఎందరో కన్నీళ్లతోనే ఆడి ఉంటారు, తప్పు వారిది కాదు. వారికి ఆ పాత్రను ఎవరూ అప్పగించలేదు, సమయం కూడా ఇంకా రాలేదు, అంతే.

డిసెంబరు 7న ఆడంబరాలు తగ్గించారు. ఏటా ఉండే అల్లరి వేషాలు, వెక్కిరింపులు లేకుండా ఆట మొదలయింది. మృతుడి కోసం లక్షమంది ఒక్కసారిగా మౌనం పాటించారు. ఆ తరువాత బంతి పైకి లేచింది.

నేవీ అప్పటికి దేశంలో రెండవ ర్యాంకులో ఉంది. దాని క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతి దాడినీ నడిపించే ఆటగాడు, రోజర్ స్టాబాక్. ఆ ఏడాది కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నత గౌరవమైన హైస్మన్ ట్రోఫీ అతనిదే. హత్య జరిగిన వారంలో రావలసిన లైఫ్ పత్రిక ముఖచిత్రం కూడా అతనిదే. కెనడీ చిత్రంతో కొత్త ముఖపత్రం వేయడానికి దాన్ని ఆపేశారు. ఆర్మీ వైపు రోలీ స్టిచ్‌వే. వరసగా నాలుగేళ్లు నేవీ చేతిలో ఓడిన ఆర్మీకి ఈసారైనా గెలవాలన్న పట్టుదల గట్టిగా ఉంది. ఆట ఏకపక్షంగా సాగి ఉంటే బహుశా ఎవరూ ఇంతగా గుర్తుంచుకునేవారు కాదు. నేవీ తరఫున పాట్ డానెలీ మూడుసార్లు గీత దాటి టచ్‌డౌన్‌లు (ఒక్కొక్కటి ఆరు పాయింట్లు, దాని వెంట అదనపు పాయింటుకు ఒక అవకాశం) చేయడంతో నాలుగవ భాగంలో నేవీ 21–7తో ముందుంది. అప్పుడు స్టిచ్‌వే బంతిని చేతబట్టి స్వయంగా గీత దాటాడు, అదనంగా వచ్చే రెండు పాయింట్లనూ రాబట్టాడు. తేడా ఆరు పాయింట్లకు తగ్గింది. ఆ వెంటనే ఆర్మీ వేసిన పొట్టి కిక్‌ను స్టిచ్‌వేయే దొరకబుచ్చుకోవడంతో బంతి మళ్లీ వాళ్ల చేతికే వచ్చింది. ఇంకొక్క టచ్‌డౌన్, దాని వెంట ఒక్క పాయింటు చేస్తే ఆర్మీదే గెలుపు.

ఆర్మీ గజం గజంగా ముందుకు నడిచి నేవీ గీతకు రెండు గజాల దూరంలోకి వచ్చింది. ఆట ఆపమని అడిగే అవకాశాలన్నీ అయిపోయాయి. లక్షమంది కేకల మధ్య తన మాట సొంత జట్టువాళ్లకే వినబడడం లేదని స్టిచ్‌వే రిఫరీకి సైగ చేశాడు. గడియారం ఒకసారి ఆగింది, మళ్లీ కదిలింది. చివరి ప్రయత్నానికి ఆటగాళ్లు వరుసలో నిలబడేలోపే సమయం అయిపోయింది. 21–15తో నేవీ గెలిచింది.

రెండు వారాలుగా గొంతు పెగలని జనం ఆ చివరి నిమిషాల్లో వేసిన కేకలే ఆర్మీ ఓటమికి ఒక కారణమయ్యాయి. ఈ విషయం మీద ఒక్క క్షణం ఆగాలి. ఆ మైదానంలో లక్షమంది చేసిన పని, అంతకుముందు టెలివిజన్ ముందు కూర్చుని ఎవరూ చేయలేకపోయినది: అందరూ కలిసి, ఒకే చోట, సిగ్గుపడకుండా అరవడం. శోకంలో ఉన్నవాడికి మొట్టమొదట పోయేది ఆశ పడడంలోని ఆనందం. వచ్చే క్షణంలో ఏం జరుగుతుందోనని ఊపిరి బిగబట్టడం, అది జరగకపోతే బాధపడడం, ఆ బాధ రేపటికి తీరిపోయేది కావడం వంటివన్నీ మామూలు బతుకు లక్షణాలు. నవంబరు 22 తరువాత అమెరికన్లకు ‘తరువాత ఏం జరుగుతుందో’ అన్న మాటలో భయం తప్ప మరేమీ మిగలలేదు. రెండు గజాల దూరంలో ఆగిపోయిన ఆ ఆట ఆ మాటను కాసేపు భయం లేకుండా అనగలిగేలా చేసింది. ఆట చేసిన మేలు ఇంతమాత్రమే, దాన్ని ఇంతకన్నా పెంచి చెప్పడం సత్యం కాదు, తగ్గించి చెప్పడం న్యాయం కాదు.

అదే ఆటలో జరిగిన మరొక సంగతి సాధారణంగా సాంకేతిక చరిత్రలో భాగంగానే చెబుతారు గానీ, దానికీ ఈ సంతాపానికీ సంబంధం లేకపోలేదు. సీబీఎస్ టెలివిజన్ సంస్థలో దర్శకుడైన టోనీ వెర్నా అనే యువకుడు అర టన్నుకు పైగా బరువున్న వీడియో టేపు యంత్రాన్ని న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియాకు తెప్పించాడు. జరిగిన ఆటఘట్టాన్ని కొన్ని క్షణాల్లోనే మళ్లీ చూపించాలన్నది అతని ప్రయత్నం. వీడియో టేపుతో అంతకుముందు ఎవరూ ఆ పని చేసి ఉండలేదంటారు. ఆట సాగుతున్నంతసేపూ ఆ యంత్రం మొరాయిస్తూనే ఉంది. చివరికి నాలుగవ భాగంలో స్టిచ్‌వే చేసిన టచ్‌డౌన్ ఒక్కటే స్పష్టంగా తిరిగి కనిపించింది. ఇది ఇప్పుడు జరుగుతున్నది కాదని, ఆర్మీ మళ్లీ స్కోరు చేయలేదని వ్యాఖ్యాత లిండ్సే నెల్సన్ ప్రేక్షకులను గట్టిగా హెచ్చరించవలసి వచ్చింది. ఇవాళ క్రికెట్‌తో సహా ప్రతి ఆటలోనూ తప్పనిసరైన రీప్లే అలా మొదలయింది. అంతకు రెండు వారాల ముందే అమెరికన్లు ఆస్వాల్డ్ హత్య టేపును టెలివిజన్‌లో పదేపదే చూశారు. జరిగినదాన్ని మళ్లీ మళ్లీ చూపే శక్తి టెలివిజన్‌కు వచ్చిన కొత్తలో ఆ శక్తి చూపించింది ఒక చావును. ఫిలడెల్ఫియాలో మొదటిసారిగా ఒక కుర్రవాడు గీత దాటి పరుగెత్తడాన్ని చూపించింది.

దేశం ‘మాన్పబడింది’ అని ఆ సాయంత్రమే ఎవరూ అనలేదు, అనడానికి వీలు కూడా లేదు. హత్య వెనుక ఎవరున్నారన్న అనుమానాలు ఆ తరువాతి దశాబ్దాలంతా సాగాయి. హత్య జరిగిన డాలస్ నగరం మీద దేశమంతా కోపంగా ఉంది. హత్య తరువాత తొలి ఆదివారం క్లీవ్‌లండ్‌లో డాలస్ జట్టు ఆడినప్పుడు, ఊరి పేరు ఎత్తకుండా ‘కౌబాయ్స్’ అని మాత్రమే ప్రకటించాలని మైకులో మాట్లాడేవారికి ఆదేశించారని చెబుతారు. అటువంటి ఊరికి ఐదు వారాల తరువాత, 1964 జనవరి 1న, నేవీ జట్టు వెళ్లింది. కాటన్ బౌల్ పేరిట జరిగే కొత్త సంవత్సరపు పోటీలో దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయంతో ఆడి 28–6తో ఓడిపోయింది. నిహతుడైన నౌకాదళ అధికారి దళం, ఆయన హతుడైన నగరంలో ఆడడం, అదీ ఇంత త్వరగా జరగడం, ఆ సంవత్సరపు అమెరికా చరిత్రలో అంతగా చెప్పుకోని ఘట్టం. ఆర్మీ–నేవీ ఆట ఆ దారి తెరవకపోతే ఆ ప్రయాణం మరింత భారంగా ఉండేదని నమ్మడానికి కారణం ఉంది. ఒక చోట జనం మధ్యకు మర్యాదగా తిరిగి రాగలిగితే మరొక చోటుకు వెళ్లడం తేలికవుతుంది.

ఆ ఆటలో తలపడిన ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లూ తరువాత యూనిఫాంలో వియత్నాం వెళ్లారు. 1963 డిసెంబరులో ఆ యుద్ధం ఎంత పెద్దది కాబోతోందో ఆ మైదానంలో ఎవరికీ తెలియదు. స్టిచ్‌వే సైన్యంలో, స్టాబాక్ నౌకాదళంలో పనిచేశారు. నౌకాదళ సేవ ముగించుకున్న స్టాబాక్ 1969లో వృత్తి ఆటగాడిగా చేరిన జట్టు డాలస్ కౌబాయ్స్. అక్కడే పదకొండేళ్లు ఆడి, రెండు సూపర్ బౌల్ పోటీల్లో (వృత్తి ఫుట్‌బాల్ విజేతను తేల్చే ఏటేటి ఆఖరి ఆట) ఆ జట్టును గెలిపించాడు. ఊరి పేరు పలకడానికి మైకులు జంకిన నగరాన్ని దేశం మళ్లీ మరో కారణంతో గుర్తుంచుకోవడం మొదలుపెట్టడంలో అతనికీ వాటా ఉంది.

ఫిలడెల్ఫియాలోని మునిసిపల్ స్టేడియానికి 1964లో జాన్ ఎఫ్. కెనడీ స్టేడియం అని పేరు పెట్టారు. అంతకు రెండేళ్ల ముందు ఆయన నడిచి వెళ్లి నాణెం ఎగరవేసిన గడ్డి అదే. ఆ తరువాత చాలా ఏళ్లపాటు, ఏటా శీతాకాలం మొదట్లో, వెస్ట్ పాయింట్ విద్యార్థులు ఒక గేటులోంచి, అనాపొలిస్ విద్యార్థులు మరో గేటులోంచి వరుసలు కట్టి ఆ పేరున్న మైదానంలోకి కవాతు చేస్తూ వచ్చారు.